పిల్లల సాఫ్టువేర్ వ్యాపారం – పేటెంటు తగాదాలు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ రోజున మనం నకారా కేసును తలచుకుంటాం. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పులో, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కిన హక్కని తేల్చిచెప్పింది. కరువు భత్యం గురించి, హెల్త్ కార్డుల గురించి నా కంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నేను వేరొక విషయం మనవి చేస్తాను. హక్కుగా వచ్చిన ఆ డబ్బు ఇప్పుడు మన ఇళ్ళలో నుండి ఎటు పోతున్నది అనేదే ఆ విషయం.

మా తరంలో గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు చేతికి రాగానే ఆడపిల్ల పెళ్ళికో, ఇంటి మీద ఇంకొక అంతస్తుకో పోయేది. ఇప్పుడు మనుమడి కంపెనీకి పోతున్నది. జగిత్యాల దగ్గర నాచుపల్లిలో జే.ఎన్.టి.యు. కళాశాల 2007లో వచ్చింది. బాసరలో ట్రిపుల్ ఐటీ 2008లో వచ్చింది. కరీంనగర్‌లో ఐ.టి. టవరు 2020లో ప్రారంభమైంది. ఒకప్పుడు మన పిల్లలకు ఉద్యోగమంటే హైదరాబాదు, కంపెనీ అంటే బొంబాయి. నేడు ముగ్గురు స్నేహితులు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని సాఫ్టువేర్ కంపెనీ పెడుతున్నారు. చాలా సంతోషం. కాని ఆ గది అద్దె, కంప్యూటర్ల ఖర్చు, మొదటి ఏడాది జీతాలు చాలా ఇళ్ళలో తాతగారి డిపాజిట్ల నుండే వస్తున్నాయి. డబ్బు మనది కాబట్టి నాలుగు ప్రశ్నలు అడిగే హక్కు కూడా మనదే. ఆ ప్రశ్నల్లో చాలామందికి తట్టనిది పేటెంటు ప్రశ్న.

నేను వకీలును కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, రెండు జిల్లాల్లో పనిచేసి, సీనియర్ అసిస్టెంటుగా 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. దస్త్రం చదవడం తప్ప నాకు వేరే విద్య లేదు. అయితే ఈ పేటెంటు కాగితాలు చదివిన కొద్దీ ఇవి మనకు బొత్తిగా కొత్తవి కావని అర్థమైంది. అందుకే మనకు తెలిసిన భాషలోనే చెబుతాను.

పేటెంటు అంటే ఏమిటి?

పేటెంటును పట్టా అనుకోండి. భూమికి కాదు, ఒక కొత్త ఉపాయానికి. పట్టాలో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు ఉంటాయి కదా. పేటెంటు పత్రంలో చివరన క్లెయిములు అని నంబర్లు వేసిన వాక్యాలు ఉంటాయి. అవే హద్దులు. పైన ఎన్ని పుటల వర్ణన ఉన్నా, ఎన్ని బొమ్మలు ఉన్నా, హక్కు ఎంతవరకు అన్నది ఆ క్లెయిములే చెబుతాయి. పట్టాకు శిస్తు కట్టినట్లే పేటెంటుకు మూడో సంవత్సరం నుండి ఏటా రుసుము కట్టాలి. కట్టకపోతే అది చెల్లకుండా పోతుంది.

భూమి పట్టాకు, దీనికి మూడు ముఖ్యమైన తేడాలు ఉన్నాయి. మొదటిది గడువు. పట్టా తరతరాలకు వస్తుంది. పేటెంటుకు దరఖాస్తు పెట్టిన తేదీ నుండి 20 సంవత్సరాలే ఆయుష్షు. తరువాత అది ఊరుమ్మడి. రెండవది పరిధి. మన దేశంలో ఇచ్చిన పేటెంటు మన దేశంలోనే చెల్లుతుంది. అమెరికాలో ఇచ్చినది అమెరికాలోనే చెల్లుతుంది. మూడవది అందరూ పొరబడే విషయం. పట్టా ఉంటే ఆ పొలం మనం దున్నుకోవచ్చు. పేటెంటు ఉంటే ఇతరులను ఆపవచ్చు, అంతే. మన చేతిలో పేటెంటు ఉన్నంత మాత్రాన మన సరుకు ఎవరి హద్దులోకీ పోలేదని కాదు. మన పొలానికి పోయే బాట పక్కవాడి పట్టాలో ఉన్నట్లు, మన సరుకులోని ఒక భాగం ఇంకొకరి పేటెంటు కిందికి రావచ్చు.

ఇంకొక మాట. పిల్లలు సాధారణంగా అంటారు: "తాతా, మేం ఎవరి కోడూ చూడలేదు, సొంతంగా రాసుకున్నం." కాపీరైటు తగాదాలో ఈ జవాబు నిలుస్తుంది. సాఫ్టువేరును మన 1957 కాపీరైటు చట్టం సాహిత్య రచనతో సమానంగా చూస్తుంది. చూసి రాయనిది కాపీ కాదు. పేటెంటు విషయంలో ఈ జవాబు పనికిరాదు. తెలియకుండా పక్కవాడి గట్టు దాటినా దాటినట్లే.

పసుపు, పత్తి నేర్పిన పాఠాలు

మన జిల్లాలకు పేటెంటు అనే మాట సాఫ్టువేరు కంటే ముందే వచ్చింది. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల పసుపు పండే ప్రాంతం. దెబ్బ తగిలితే పసుపు అద్దడం మన ఇళ్ళలో చిన్నపిల్లకు కూడా తెలుసు. అయితే పసుపుతో గాయం మానడం తమ ఆవిష్కరణ అని 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పేరిట పేటెంటు వచ్చింది. మాషేల్కర్ గారు అధిపతిగా ఉన్నప్పుడు మన సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ 1996లో దానిని ఎదుర్కొన్నది. ఉపన్యాసాలతో కాదు, కాగితాలతో. పాత గ్రంథాల నుండి, పత్రికల నుండి 32 ఆధారాలు దాఖలు చేసింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది.

నా వంటి గుమాస్తాకు ఇందులో ఉన్న సంతోషం చెప్పలేనిది. పాత దస్త్రం గెలిచింది. ముందే లోకానికి తెలిసిన విషయానికి పేటెంటు చెల్లదు. ముందే తెలుసునని చూపవలసింది తేదీ ఉన్న కాగితంతో. సాఫ్టువేరుకూ ఇదే సూత్రం.

ఇక పత్తి. ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి ఎంతో మీకు చెప్పనక్కరలేదు. మన దేశంలో బి.టి. పత్తికి 2002లో అనుమతి వచ్చింది. విత్తనంలోని జన్యువు మీద మోన్‌శాంటో సంస్థకు ఉన్న పేటెంటు విషయంలో, హైదరాబాదు కేంద్రంగా ఉన్న నూజివీడు సీడ్స్ సంస్థకు, ఆ సంస్థకు తగాదా వచ్చి 2016లో ఢిల్లీ హైకోర్టుకు చేరింది. 2018 ఏప్రిల్‌లో హైకోర్టు ధర్మాసనం ఆ పేటెంటు చెల్లదన్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, సాక్ష్యాలతో పూర్తి విచారణ జరగాలని కేసును వెనక్కు పంపింది. ఆ ఏడాదే పేటెంటు గడువు తీరిపోయింది. 2021లో ఇరుపక్షాలు రాజీపడ్డాయి. అంటే ఐదేళ్ళు నడిచి, ఆఖరి మాట ఏ కోర్టూ చెప్పకుండానే ముగిసింది. ఇంత పెద్ద సంస్థలు కాబట్టి తట్టుకున్నాయి. ముగ్గురు పిల్లల కంపెనీ ఐదేళ్ళు కోర్టు చుట్టూ తిరగగలదా? అందుకే తగాదా గెలవడం కంటే తగాదా రాకుండా చూసుకోవడం మేలు అంటున్నాను.

సత్యం కంపెనీ కథలో మనకు పనికివచ్చే భాగం

సత్యం కంప్యూటర్స్ అనగానే 2009 జనవరి 7న బయటపడిన లెక్కల మోసమే గుర్తుకు వస్తుంది. ఆ కంపెనీకి అంతకు ముందు నుండే ఒక పేటెంటు చిక్కు ఉన్నది. అది చాలామందికి గుర్తు లేదు.

1990ల చివర లండన్ కేంద్రంగా పనిచేసే ఉపెయిడ్ అనే సంస్థకు సత్యం సాఫ్టువేరు రాసిపెట్టింది. ఆ పనిలోని ఉపాయాలకు ఉపెయిడ్ పేటెంటు తీసుకున్నది. పనిచేసిన ఉద్యోగులు తమ హక్కును ఆ సంస్థకు బదిలీ చేస్తూ సంతకాలు చేసిన పత్రాలు ఉండాలి కదా, ఆ పత్రాలు ఇచ్చారు. తరువాత 2005లో ఉపెయిడ్ ఆ పేటెంటు బలంతో క్వాల్‌కామ్, వెరిజాన్ అనే పెద్ద సంస్థల మీద అమెరికాలో దావా వేసింది. అక్కడ ఎదుటిపక్షం ఆ బదిలీ పత్రాల మీది సంతకాలు అసలైనవేనా అని లేవనెత్తింది. దాంతో దావా బలహీనపడింది. తమకు ఇచ్చినవి దొంగ సంతకాల పత్రాలని ఆరోపిస్తూ ఉపెయిడ్ 2007లో టెక్సాస్ రాష్ట్రంలోని కోర్టులో సత్యం మీదనే దావా వేసి, వంద కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం అడిగింది. పాత ఒప్పందంతో ఈ వ్యవహారం ఎప్పుడో ముగిసిందని సత్యం ఇంగ్లండు కోర్టుల్లో వాదించింది. 2008లో అక్కడ ఓడిపోయింది. చివరకు 2009 డిసెంబరులో, అప్పటికి కొత్త యాజమాన్యం కిందికి వచ్చిన ఆ కంపెనీ 7 కోట్ల డాలర్లు చెల్లించడానికి రాజీ పడింది.

ఆ సంతకాలు ఎవరు చేశారన్నది కోర్టు తేల్చలేదు, రాజీతో ముగిసింది. కాబట్టి నేను ఎవరినీ నిందించను. గుమాస్తా కన్నుతో చూస్తే నాకు కనిపించేది ఒక్కటే. కొన్ని కాగితాల మీద ఎవరు, ఏ తేదీన, ఎవరి సమక్షంలో సంతకం చేశారు అన్న విషయం పదేళ్ళ తరువాత 7 కోట్ల డాలర్ల ప్రశ్న అయి కూర్చున్నది. విరాసత్ ఫైలులో వారసుల సంతకాలు సరిగా తీసుకోకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. ఇదీ అంతే.

మన చట్టం సాఫ్టువేరు గురించి ఏమంటుంది?

జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ గారు 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా మన పేటెంటు చట్టం 1970లో వచ్చి 1972 ఏప్రిల్ 20 నుండి అమలైంది. దానిలో మూడో సెక్షన్ వేటికి పేటెంటు ఇవ్వరాదో చెబుతుంది. 2002 సవరణతో అందులో 3(కె) అనే క్లాజు చేరి 2003 మే నుండి అమలులోకి వచ్చింది. గణిత పద్ధతికి, వ్యాపార పద్ధతికి, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాముకు, అల్గారిథంకు పేటెంటు లేదన్నది దాని సారాంశం. 2004 డిసెంబరులో ఆర్డినెన్సు ద్వారా దీనిని సడలించబోయారు. 2005లో పార్లమెంటు ఆ సడలింపును ఒప్పుకోలేదు.

అయితే అక్కడ "కేవలం" అన్న అర్థమిచ్చే మాట ఉన్నది. దాని మీదనే అన్ని వాదాలు. 2019 డిసెంబరులో ఫెరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, కంప్యూటర్ ప్రోగ్రాము ఉన్నంత మాత్రాన దరఖాస్తు తోసిపుచ్చరాదని, దాని వల్ల సాంకేతికమైన ఫలితం ఉంటే పరిశీలించాలని చెప్పింది. కాబట్టి "మన దేశంలో సాఫ్టువేరుకు పేటెంటే లేదు, భయం లేదు" అని ఎవరైనా అంటే సగమే నిజం.

రెండో సగం అమెరికా. అక్కడ ఇటువంటి పేటెంట్లు వేలల్లో ఇచ్చారు. ఒక్కసారి నొక్కితే సరుకు కొనుగోలు అయిపోయే ఉపాయానికి అమెజాన్ సంస్థ 1999 సెప్టెంబరులో పేటెంటు పొంది, మరుసటి నెలలోనే బార్న్స్ అండ్ నోబుల్ అనే పుస్తకాల సంస్థ మీద దావా వేసింది. ఆ పేటెంటు 2017లో ముగిసింది. 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఆలిస్ కేసులో, మామూలు ఆలోచనను కంప్యూటరు మీద నడిపినంత మాత్రాన పేటెంటు దక్కదని చెప్పి కొంత అడ్డుకట్ట వేసింది. అయినా ఏ సరుకూ తయారుచేయక, పేటెంట్లు కొనిపెట్టుకుని నోటీసులు పంపి డబ్బు రాబట్టుకునే సంస్థలు అక్కడ ఉన్నాయి. మన పిల్లలు కరీంనగర్‌లో కూర్చుని అమెరికాలో అమ్మితే, అక్కడి పట్టా అక్కడ చెల్లుతుంది. ఎక్కడ అమ్ముతారో ముందు అడగండి.

ముందు జాగ్రత్తలు

కంపెనీ పెట్టేముందు పిల్లల చేత చేయించవలసినవి వరుసగా చెబుతాను.

1. మునుపటి ఉద్యోగపు కాగితాలు. చాలామంది పిల్లలు ఉద్యోగం చేస్తూనే రాత్రిపూట సొంత సాఫ్టువేరు రాసుకుంటారు. చేరిన రోజు సంతకం చేసిన నియామక పత్రం ఎవరూ చదవరు. ఉద్యోగ విధిలో భాగంగా రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే అని కాపీరైటు చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. ఆవిష్కరణల విషయం ఎక్కువగా ఒప్పందం మీద ఆధారపడుతుంది. ఉద్యోగం మానిన తరువాత ఆ రంగంలోనే పని చేయరాదన్న షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం సాధారణంగా చెల్లదు. అయితే రహస్యాలు బయటపెట్టరాదన్న షరతు చెల్లుతుంది. కంపెనీ లాప్‌టాపు మీద సొంత పని చేయవద్దని చెప్పండి.

2. స్నేహితుల మధ్య రాతకోతలు. ముగ్గురు కలిసి రాసినది ఎవరిది? ముగ్గురూ, వారి దగ్గర పని చేసేవారూ, బయటి నుండి పని చేసి పెట్టినవారూ తమ హక్కును కంపెనీకి బదిలీ చేస్తూ మొదటి నెలలోనే పత్రం రాసుకోవాలి. స్నేహం బాగున్నప్పుడే రాసుకోవాలి. సంతకం చేసేటప్పుడు ఇద్దరు సాక్షులను పెట్టుకోవాలి. సత్యం కథ గుర్తుంచుకోండి.

3. వెదకడం. భూమి కొనేముందు ఈ.సి. తీయించినట్లు, పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులో వెదకాలి. దీనికి రుసుము లేదు. దరఖాస్తులు సాధారణంగా 18 నెలల తరువాతే ప్రచురితమవుతాయి కాబట్టి, ఈ రోజు కనబడనిది రేపు కనబడవచ్చు. ఒకసారి చూసి మరచిపోరాదు. అమెరికాలో అమ్మేవారు అక్కడి జాబితా కూడా చూడాలి. అయితే అమెరికాలో ఒక పేటెంటు ఉన్నదని తెలిసి కూడా దానిని అతిక్రమించారని రుజువైతే పరిహారం పెరగవచ్చు. అందుచేత అక్కడి వెదుకులాట వకీలు సలహాతో చేయడం మంచిది.

4. తేదీ వేసిన చిట్టా. ఏ ఆలోచన ఎప్పుడు వచ్చింది, ఏ భాగం ఎప్పుడు రాశారు, ఎవరికి ఎప్పుడు చూపారు అన్నది రాసిపెట్టాలి. పసుపు కేసులో పనికివచ్చినది తేదీ ఉన్న కాగితమే.

5. అరువు తెచ్చుకున్న కోడు. నేడు ఎవరూ అంతా సొంతంగా రాయరు. ఉచితంగా దొరికే కోడును కలుపుకుంటారు. దానికీ లైసెన్సు షరతులు ఉంటాయి. అపాచీ లైసెన్సు 2.0, జి.పి.ఎల్. మూడవ పాఠం వంటి వాటిలో పేటెంటు గురించి స్పష్టమైన మాట ఉన్నది. ఎం.ఐ.టి. లైసెన్సులో పేటెంటు అనే మాటే లేదు. ఏది ఎక్కడి నుండి తెచ్చారో ఒక పట్టిక రాసి ఉంచాలి.

6. దరఖాస్తు పెట్టదలచుకుంటే ముందు నోరు కట్టుకోవాలి. సభలోనో, పత్రికలోనో, ఫోన్ గ్రూపులోనో బయటపెట్టిన ఉపాయం, కొన్ని మినహాయింపులు తప్ప, కొత్తది కాకుండా పోతుంది. తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టి 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వవచ్చు. గుర్తింపు పొందిన స్టార్టప్‌కు దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. పెద్ద కంపెనీకి అదే 8,000. మన రాష్ట్రానికి సంబంధించిన పేటెంటు కార్యాలయం చెన్నైలో ఉన్నది. దరఖాస్తులు ఇంటి నుండే కంప్యూటరులో పంపవచ్చు. విదేశంలో ముందుగా దరఖాస్తు పెట్టాలంటే 39వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి.

7. ఖాతాదారులతో ఒప్పందం. మా సరుకు వల్ల పేటెంటు దావా వస్తే మీ ఖర్చంతా మేమే భరిస్తాం అన్న షరతు చాలా ఒప్పందాల్లో నడి మధ్యలో దాగి ఉంటుంది. దానికి ఒక పరిమితి, ఒక మొత్తం రాయించుకోవాలి. పరిమితి లేని పూచీ మీద సంతకం చేయరాదు.

నోటీసు వస్తే?

ఇది మా ఇంట్లో జరిగినది. మా మనుమడు, వాడి స్నేహితులు ఇద్దరు కలిసి రైస్‌మిల్లుల కోసం ఒక సాఫ్టువేరు తయారుచేశారు. ధాన్యం లారీ కాటా ఎక్కినప్పటి నుండి తేమ శాతం, బస్తాల లెక్క, రైతుకు రశీదు వరకు అన్నీ అందులో వస్తాయి. సుల్తానాబాద్, పెద్దపల్లి వైపు కొన్ని మిల్లులు తీసుకున్నాయి. ఏడాది తిరగకముందే వేరే రాష్ట్రంలోని ఒక సంస్థ తరఫున వకీలు నోటీసు వచ్చింది. మా పేటెంటును అతిక్రమించారు, 15 రోజుల్లో అమ్మకాలు ఆపి నష్టపరిహారం కట్టండి అని.

పిల్లలు భయపడిపోయారు. ఒకడు మూసేద్దామన్నాడు. ఇంకొకడు ఆ కాగితాన్ని చించి పారేద్దామన్నాడు. నేను రెండూ వద్దన్నాను. నోటీసు తీసుకుని ఒక కవరు ఫైలులో పెట్టి, వచ్చిన తేదీ వేసి, మూడుసార్లు చదివాను. అందులో ఒక నంబరు ఉన్నది. అది పేటెంటు నంబరా, దరఖాస్తు నంబరా అని అడిగాను. వాడు వెబ్‌సైటులో చూశాడు. అది దరఖాస్తు నంబరు! ప్రచురితమైంది కాని పేటెంటు ఇంకా మంజూరు కాలేదు. దరఖాస్తు ప్రచురణ తేదీ నుండి కొంత హక్కు ఉన్నా, మంజూరు అయ్యే వరకు దావా వేయడానికి వీలులేదని 11ఎ సెక్షన్‌లో ఉన్నది. మ్యుటేషన్ అర్జీ పెట్టుకున్నవాడు పట్టాదారు అయినట్లు నోటీసు ఇచ్చాడన్న మాట.

తరువాత క్లెయిములు చదివించాను. మొదటి క్లెయిములో కెమెరాతో గింజను ఫోటో తీసి దాని నుండి తేమను లెక్కకట్టడం ఒక అంశంగా ఉన్నది. మావాళ్ళ దాంట్లో కెమెరా లేదు. మిల్లు గుమాస్తా తేమ మీటరులో చూసి అంకె వేస్తాడు. ఒక క్లెయిములో ఐదు అంశాలు ఉంటే, సాధారణంగా ఐదూ ఉన్నప్పుడే హద్దు దాటినట్లు. నాలుగే ఉంటే దాటలేదన్న వాదనకు బలం ఉంటుంది.

ఇంతవరకు మా పని. జవాబు మాత్రం మేము రాయలేదు. హైదరాబాదులో ఒక రిజిస్టరు పేటెంటు ఏజెంటును కలిసి, ఫైలు ఆయన ముందు పెట్టాము. గడువు లోపల ఒక పుట జవాబు వెళ్ళింది. తిట్టు లేదు, బతిమాలడం లేదు. ఫలానా దరఖాస్తు ఇంకా మంజూరు కాలేదు, ఫలానా అంశం మా సరుకులో లేదు అని మాత్రమే. ఆ తరువాత రెండో నోటీసు రాలేదు. అయినా మనుమడు ఆ దరఖాస్తు స్థితిని మూడు నెలలకు ఒకసారి చూసి ఫైలులో రాస్తున్నాడు. పేటెంటు మంజూరైతే విషయం మళ్ళీ మొదటికి వస్తుందని వాడికి తెలుసు.

మంజూరు కాని దరఖాస్తును ఎవరైనా 25వ సెక్షన్ కింద వ్యతిరేకించవచ్చు. మంజూరైనట్లు ప్రచురించిన తరువాత ఒక సంవత్సరం లోపల, సంబంధం ఉన్నవారు వ్యతిరేకించవచ్చు. ఆధారం లేని బెదిరింపులు వస్తుంటే 106వ సెక్షన్ కింద మనమే కోర్టుకు వెళ్ళవచ్చు. మా సరుకు మీ హద్దులో లేదని కోర్టు చేత చెప్పించుకోవడానికి 105వ సెక్షన్ ఉన్నది. ఒకవేళ నిజంగానే హద్దు దాటినట్లు తేలితే, ఆ భాగాన్ని వేరే విధంగా రాసుకోవడం, లేదా లైసెన్సు తీసుకుని రుసుము కట్టడం అనే దారులు ఉన్నాయి. గట్టు తగాదాలో అర గజం వదిలి గట్టు సరిచేసుకున్నవాడు ఓడిపోయినట్లు కాదు. వాడు వానాకాలం పంట వేసుకుంటాడు. పంతానికి పోయినవాడు వాయిదాలకు తిరుగుతాడు.

మన పెన్షనర్లకు ప్రత్యేకంగా

చివరగా మనకు సంబంధించిన నాలుగు మాటలు.

సాధారణ భాగస్వామ్య సంస్థలో మీ పేరు పెట్టించుకోవద్దు. 1932 చట్టం ప్రకారం సంస్థ అప్పులకు భాగస్వాముల సొంత ఆస్తి కూడా బాధ్యతలోకి వస్తుంది. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ, లేదా 2008 చట్టం కింద వచ్చే పరిమిత బాధ్యత గల భాగస్వామ్యం అయితే సాధారణంగా పెట్టిన డబ్బు వరకే నష్టం.

ఆ కవచం మీ సంతకంతో మీరే తొలగించుకోవద్దు. కంపెనీ అప్పుకు సొంత హామీ ఇచ్చినా, ఇంటి పత్రాలు తాకట్టు పెట్టినా, కంపెనీ లిమిటెడ్ అయినా మీ బాధ్యత లిమిటెడ్ కాదు.

డబ్బు ఇచ్చేది ఉంటే పోయినా మందుల ఖర్చుకు, ఇంటావిడ భవిష్యత్తుకు ఇబ్బంది రానంత ఇవ్వండి. కుటుంబ పెన్షన్ తగ్గి వస్తుందన్న సంగతి మనసులో పెట్టుకుని లెక్క వేయండి.

డబ్బు ఇచ్చేముందు ఈ ఐదు కాగితాలు చూపమనండి: మునుపటి ఉద్యోగ ఒప్పందం, హక్కు బదిలీ పత్రాలు, వెదకిన పేటెంట్ల జాబితా, అరువు కోడు పట్టిక, ఖాతాదారు ఒప్పందపు నమూనా. పిల్లలు విసుక్కోవచ్చు. "తాతకు ఆఫీసు బుద్ధి పోలేదు" అనవచ్చు. అననివ్వండి. ఫైలు సిద్ధంగా ఉన్న పిల్లవాడికి రేపు పెట్టుబడి పెట్టే పెద్దవాడు అడిగినా, ఖాతాదారు అడిగినా జవాబు చేతిలోనే ఉంటుంది.

మనలో చాలామందికి కోడు రాయడం రాదు. కాని తేదీ లేని కాగితం పనికిరాదని, సాక్షి లేని సంతకం ప్రమాదమని, హద్దులు చూడకుండా పొలం కొనరాదని ముప్పయ్యేళ్ళు నేర్చుకున్నాం. ఆ చదువు రిటైరు కాలేదు. మన డబ్బుతో పాటు అది కూడా మనుమలకు ఇవ్వండి. ఈ విషయంలో కాగితాలు చదవడానికి ఎవరికైనా తోడు కావలసివస్తే, ప్రతి నెలా జరిగే సంఘం సమావేశానికి ఫైలు తీసుకుని రండి, కూర్చుని చూద్దాం. సలహా మాత్రం వకీలు దగ్గరే తీసుకోవాలి.